బండోళ్ల ఇంట్లో పైపు గ్యాస్

నిండు సిలిండరు భుజాన పెట్టుకుని మెట్లెక్కుతున్న మనిషిని సగం దారిలో ఆపకూడదు. విజయ ఆపింది.

"ఆగుండ్రి. పైకి తేకుండ్రి. ఇగ ఈ ఇంట్ల బండతోని పని లేదు."

భుజం మీది బరువుతో రిత్విక్‌కు తల ఎత్తే వీల్లేదు. కళ్లు మాత్రం ఎత్తాడు. ముందు మట్టి కొట్టుకుపోయిన సేఫ్టీ బూట్లు కనిపించాయి. ఆ పైన నారింజ రంగు జాకెట్, చేతిలో స్పానర్, పసుపు హెల్మెట్, హెల్మెట్ కింది నుంచి తప్పించుకొచ్చి చెంప మీద పడిన ఒక జుట్టుపాయ.

"మీరెవరు?" అన్నాడు.

"పైపు గ్యాస్. మీరు?"

"బండ గ్యాస్" అన్నాడు, ఇంకేమీ తోచక.

ఆమె పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది. అది చూసి అతనికి ఇంకా మండింది.

నిజానికి అతను మోసే మనిషి కాదు. జనగామలో గ్యాస్ ఏజెన్సీ చంద్రమౌళి అంటే తెలియనివాళ్లు లేరు. ఆయన ఇంటిని 'బండోళ్ల ఇల్లు' అనే అంటారు. రిత్విక్ ఆయన ఒక్కగానొక్క కొడుకు. బీటెక్ చదివి రెండేళ్లుగా ఏజెన్సీ చూసుకుంటున్నాడు. ఆ పొద్దున డెలివరీ చేసే సక్రు రాలేదు. ఎదురింటి యాకమ్మ అవ్వకు సిలిండరు బుక్ అయి ఉంది. ఎదురిల్లే కదా అని తనే భుజానికెత్తుకున్నాడు.

"అవ్వా" అని పైకి కేకేశాడు. "బండ వద్దంటున్నది ఈ మేడం. నిజమేనా?"

యాకమ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది. "అయ్యో కొడుకా, నేను ఫోన్ చేసి చెప్పుడు మరిచిపోయిన. గా మూలకు దించి లోపలికి రా. గీ పిల్ల ఏం చేస్తున్నదో చూద్దువు."

లోపల స్టవ్ బోర్లా పడి ఉంది. గోడకు కొత్త మీటరు, పసుపు పైపు. విజయ కింద కూర్చుని బర్నర్ కింది నుంచి చిన్న ఇత్తడి జెట్టు విప్పి, అరచేతిలో పెట్టి అతనికి చూపించింది.

"ఇది మీది. రంధ్రం సన్నగుంటది. మీ గ్యాస్ జోరుగ తోసుకొస్తది కాబట్టి చాలు. మాది నిమ్మళంగ వస్తది. దీనికి రంధ్రం జర పెద్దగుండాలె."

"నిమ్మళంగ వస్తే అవ్వ పొద్దుటి చాయ్ మధ్యాహ్నం తాగాలె."

ఆమె స్పానర్ అందుకుంది. కొత్త జెట్లు బిగించి, కొత్త ట్యూబు తగిలించి, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమోనని కళ్లు చికిలించి చూసింది. తర్వాత స్టవ్ వెలిగించింది. బర్నర్ చుట్టూ నీలం రంగు మంట గుండ్రంగా లేచింది. దాని మీద చాయ్ గిన్నె పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. రిత్విక్ కూడా చేతులు కట్టుకున్నాడు. ఇద్దరూ గిన్నె వైపే చూస్తున్నారు. చాయ్ పొంగింది, అతను అనుకున్నదానికంటే చాలా ముందే.

"తాగి పోతరా? లేకపోతే మీ బండకు లేట్ అయితదా?" అంది విజయ.

అతను తాగాడు. చాయ్ బాగుంది. ఆ మాట మాత్రం అనలేదు. నిండు సిలిండరు మళ్లీ భుజానికెత్తుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మెల్లగ దిగుండ్రి. వాన పడ్డది, మెట్లు జారుతయి."

అది జాలో ఎగతాళో అతనికి అర్థం కాలేదు. ఆ రోజంతా అదే ఆలోచించాడు.

*

మధ్యాహ్నం అన్నం దగ్గర చంద్రమౌళి మండిపడుతున్నాడు.

"మన షాపు ముందరనే తవ్విన్రు. పైపు కోసం గొయ్యి. ఆ గొయ్యి ఎవరికి తవ్వుతున్నరో నాకు తెల్వదా?"

"పూడ్చేస్తరు బాపు" అన్నాడు రిత్విక్.

"అందుట్ల మనల్ని పెట్టి పూడుస్తరు." ఆయన చెయ్యి కడుక్కుని ఏజెన్సీకి వెళ్లిపోయాడు.

రిత్విక్ తల్లి శకుంతల గిన్నెలు సర్దింది. భర్త స్కూటర్ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఆగి, కొడుకు ఎదురుగా కూర్చుంది.

"యాకమ్మ ఇంటికొచ్చిన ఆ హెల్మెట్ పిల్ల ఎవరురా?"

"గ్యాస్ కంపెనీ ఇంజినీర్. పేరు విజయ." పేరు ఎలా తెలుసుకున్నావని తల్లి అడుగుతుందేమోనని తొందరగా నీళ్లు తాగాడు. విజయ జాకెట్ మీద రాసి ఉంది మరి.

"ఒకసారి మన ఇంటికి పిలువు. మనకు కూడ పైపు గ్యాస్ కావాలె."

రిత్విక్‌కు పొలమారింది. "అమ్మా, మనది గ్యాస్ ఏజెన్సీ."

"నాకు చెప్తున్నవా?" అంది శకుంతల. "పెండ్లయి వచ్చినప్పటి సంది చూస్తున్న. ఊరందరి ఇండ్లల్ల పొయ్యి మండాలె, మన ఇంట్ల ఆరిపోవాలె. ఎవరన్న ఫోన్ చేసి 'అన్నా, చుట్టాలొచ్చిన్రు, బండ అయిపోయింది' అంటే చాలు, మీ బాపు మన వంటింట్ల స్పేర్ బండ ఎత్తి పంపిస్తడు. నువ్వు పుట్టినప్పుడు నీ స్నానం నీళ్లు కూడ యాకమ్మ ఇంట్లనే కాగినయి. నాకు నల్లా తిప్పినట్టు తిప్పితే వచ్చే గ్యాస్ కావాలె. ఇగ ఆగను."

తల్లి ఇంత పొడుగు మాట ఒక్క ఊపులో మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు.

*

సాయంత్రం వాన పట్టుకుంది. నెహ్రూ పార్కు దగ్గర మూసి ఉన్న ఒక షట్టర్ ముందు, చూరు కింద విజయ నిలబడి ఉంది. రిత్విక్ బైకు ఆపి తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

అతన్ని చూడగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "తిట్టాలనుకుంటే ఆఫీసుకు ఫోన్ చేయుండ్రి. రోడ్డు తవ్విన్రని ఒకాయన, నీళ్ల పైపు పగిలిందని ఇంకొకాయన, పొద్దటి సంది తిట్లే తింటున్న. మీ వంతుకు జాగ లేదు."

"తిట్టనీకి రాలే."

"మరెందుకొచ్చిన్రు?"

"కనెక్షన్ కావాలె."

"ఎవరికి?"

"మా ఇంటికి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని వెతికింది. అక్కడ వాన నీళ్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. హెల్మెట్ ముందుకు జారి కళ్ల మీద పడేంతగా నవ్వింది.

"సిలిండర్ ఏజెన్సోళ్ల ఇంటికా?"

"మెల్లగ మాట్లాడుండ్రి" అన్నాడు రిత్విక్ అటూ ఇటూ చూసి. "మా బాపుకు తెల్వదు."

*

చంద్రమౌళి జఫర్‌గఢ్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లిన రోజు విజయ వచ్చింది. వంటింట్లో కొలతలు తీసుకుంది. పైపు ఎటునుంచి రావాలో, మీటరు ఎక్కడ ఉండాలో గోడ మీద చాక్‌పీసుతో గీసింది. కిటికీ పైన గాలి పోయే కంత ఉందా అని చూసింది.

"మీ గ్యాస్ లీకైతే నేలమీద పరుచుకుంటది. మాది గాలికంటే తేలిక, పైకి పోతది. అందుకే పైన దారి ఉండాలె" అంది రిత్విక్‌తో.

"మాది మీది అని పంచుకోవాల్నా? గ్యాసే కదా" అన్నాడతను.

"ఇవ్వాళ బండ గ్యాస్ సారు మంచిగ మాట్లాడుతున్నడు" అంది ఆమె, చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకుంటూ.

బాత్రూములో గ్యాస్ గీజర్ చూడగానే మాత్రం నవ్వు ఆగిపోయింది. "ఇది కన్వర్ట్ చెయ్యను. తీసేయాలె. మూసిన గదిల ఇది ప్రాణం తీస్తది. ఇన్ని రోజులు ఎట్ల వాడిన్రు?"

రిత్విక్ తలదించుకున్నాడు. మళ్లీ ఎవరూ వెలిగించకుండా అప్పటికప్పుడే విప్పి కింద పెట్టాడు.

శకుంతల వేడివేడి మక్క గారెలు పళ్లెంలో పెట్టి విజయ చేతికిచ్చింది. "ఏ ఊరు బిడ్డా?"

"డోర్నకల్ పక్కన తండా ఆంటీ. లంబాడోళ్లం. మా నాయిన రైల్వేల ట్రాక్‌మ్యాన్."

ఆమె ఆ మాటను ఇంటి అడ్రసు చెప్పినట్టు చెప్పి, శకుంతల ముఖం వైపు చూస్తూ ఆగింది. శకుంతల ఇంకో గారె తెచ్చి పళ్లెంలో వేసింది. "మీ నాయిన లేకుంటే రైళ్లు నడువయి గదా. తిను, చల్లారుతది."

అంతా అయ్యాక విజయ లేచి నిలబడింది. "ఒక మాట ఆంటీ. ఇల్లు సార్ పేరు మీద ఉన్నది. సార్ ఒప్పుకోకుండ నేను గోడకు రంధ్రం కూడ చెయ్యను. దొంగచాటు పని నాతోని కాదు."

శకుంతల నిట్టూర్చింది. "నేనే అడుగుత. ఎప్పుడడగాల్నో నాకు తెలుసు."

*

ఆ తర్వాత రిత్విక్‌కు డెలివరీ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. విజయ పనిచేసే వీధి ఏదైతే ఆ వీధికే అతని ఆటో వెళ్లేది. ఆమె గోడ కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకునేవాడు. ఆమె సబ్బు నీళ్ల డబ్బా మరచిపోతే ఎక్కడి నుంచో షాంపూ ప్యాకెట్ పట్టుకొచ్చేవాడు.

"పోటీ కంపెనీకి పని చేస్తున్నరు. జీతం మీ బాపు ఇస్తున్నడు" అనేది విజయ.

"ఆయనకు తెలిస్తే అదీ ఉండదు."

అందరికంటే ముందు పసిగట్టింది సక్రు. "సార్, బండలన్నీ మీరే మోస్తే నేనేం చెయ్యాలె?" అని నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి మెల్లగా అడిగాడు. "నిజంగనే అడుగుతున్న సార్. టౌన్ మొత్తం పైపు వస్తే మా పని ఉంటదా?"

 ఆ ప్రశ్న రిత్విక్‌ను వదల్లేదు. మర్నాటి నుంచి సక్రును వెంటబెట్టుకుని జఫర్‌గఢ్ వైపు ఊళ్లూ తండాలూ తిరిగి వచ్చాడు. వారం రోజులు ఎదురుచూసినా సిలిండరు రాని ఇళ్లు చూశాడు. స్టవ్ మూలకు పెట్టి మళ్లీ కట్టెలు ఊదుకుంటున్న ఆడవాళ్లను చూశాడు.

ఒక సాయంత్రం బస్టాండ్ దగ్గర మిర్చి బజ్జీలు తింటుండగా విజయ అంది, "వచ్చే నెల నన్ను భూపాలపల్లి వేస్తున్నరు. అక్కడ కొత్తగ లైను మొదలైతది."

బజ్జీ కారం ఒక్కసారిగా అతని ముక్కుకెక్కింది. "అంత దూరమా?"

"దూరమేంది? మీ ఊర్ల ఎట్లున్ననో అక్కడ గట్లనే ఉంట."

"ఇక్కడ నేనున్న."

 తొర్రూరు బస్సు ఒకటి బురద చిమ్ముతూ వెళ్లింది. విజయ చేతికంటిన నూనె కాగితానికి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"రిత్విక్ గారూ, మీ నాయిన పైపునే గడప దాటనిస్తలేడు. నన్ను దాటనిస్తడా?"

అంది నవ్వుతూనే. కళ్లలో మాత్రం నవ్వు లేదు. అతను జవాబు వెతుక్కునేలోపు బ్యాగు భుజానికి తగిలించుకుని తను ఉండే హాస్టల్ వైపు వెళ్లిపోయింది.

*

ఆదివారం చంద్రమౌళి ఇంట్లో దావత్. చుట్టుపక్కల ఊళ్ల గ్యాస్ డీలర్లందరూ వచ్చారు. పైపు లైనును ఎలా ఆపాలన్నది మాట్లాడుకోవాలి. హాల్లో గొంతులు పెద్దగా లేస్తున్నాయి. వంటింట్లో బగారన్నం దమ్ము మీద ఉంది, మటన్ సగం ఉడికింది.

సరిగ్గా అప్పుడు మంట తగ్గి, ఎర్రబడి, ఆరిపోయింది.

శకుంతల స్పేర్ బండ కోసం చూసింది. లేదు. పొద్దునే చంద్రమౌళి దాన్ని పక్క వీధి కళ్యాణి టీచర్ ఇంటికి పంపించేశాడు. ఆమె మామకు బాగాలేక దవాఖాన నుంచి తెచ్చారు, వేడి నీళ్లు కావాలన్నారు. గోడౌన్‌కు ఫోన్ చేస్తే లోడు లారీ ఇంకా రాలేదన్నారు.

ఆమె కొడుకును పిలిచి ఒకే మాట అంది. "గంజు పట్టు."

రిత్విక్‌కు అర్థమైంది. సగం ఉడికిన మటన్ గంజును బట్టతో పట్టుకుని వెనక వాకిట్లోంచి సందు దాటి, యాకమ్మ ఇంటి మెట్లెక్కాడు. వంటింటి గుమ్మంలో విజయ ఉంది. అవ్వ స్టవ్‌కు ఆఖరి చెకింగు చేయడానికి వచ్చింది. ఆమె ముఖం ముడుచుకుని ఉంది.

"మీ ఇంట్ల మీటింగట. పైపు ఆపాలని" అంది. "నాతోని కొలతలు తీయించిన్రు, టేపు పట్టిన్రు, షాంపూ తెచ్చిన్రు. అన్నీ అందుకేనా? మేము ఎట్ల పని చేస్తమో చూసి మీ బాపుకు చెప్పనీకా?"

"విజయా, చేతులు కాలుతున్నయి."

"జవాబు చెప్పుండ్రి ముందు."

"ఆ మీటింగు మా బాపుది. ఈ మటన్ మా అమ్మది. మా ఇంట్ల బండ అయిపోయింది. పైపు ఆపే మీటింగుకు కూర నీ పైపు మీదనే ఉడకాలె ఇప్పుడు."

ఆమె ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత గంజు రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి స్టవ్ మీదికి ఎక్కించారు. ఆమె నాబ్ తిప్పింది. యాకమ్మ మూలన పీట మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వుతూ ఉండిపోయింది.

"మీ చేతులు ఇటు చూపియ్యుండ్రి" అంది విజయ. అరచేతులు ఎర్రగా కందాయి. నల్లా కింద పెట్టి, తన చేత్తోనే పట్టుకుని నిలబడింది. మటన్ ఉడికేదాకా నల్లా కట్టలేదు. అతనూ అడగలేదు.

*

భోజనాల దగ్గర డీలర్లందరూ వేళ్లు నాకుతున్నారు. వాళ్లలో మహబూబాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన మెచ్చుకోలుగా అన్నాడు, "వదినా, ముక్క వెన్నలెక్క ఉడికింది. బండ మీద వండిన రుచే వేరు. పైపు మీద గిట్ల ఉడుకుతదా?"

శకుంతల అన్నం వడ్డిస్తూ ఆగకుండా చెప్పింది. "గిది పైపు మీదనే ఉడికింది అన్నా. మా ఇంట్ల బండ లేదు. ఎదురింట్ల వండుకొచ్చిన."

అందరి చేతులూ ఆగిపోయాయి. ఎవరో ఒకాయన ముందు నవ్వాడు. అది ఒకరి నుంచి ఒకరికి పాకి హాలంతా నవ్వింది. చంద్రమౌళి మాత్రం నవ్వలేదు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు.

"స్పేర్ బండ ఏమైంది?" అన్నాడు మెల్లగా.

"మీరే పంపిన్రు. మంచి పనే చేసిన్రు. ఎప్పుడూ మంచి పనే చేస్తరు. కాని నాకు ముప్పై ఏండ్ల సంది సగం కూరలే."

అందరూ వెళ్లిపోయాక ఆయన చెప్పులు వేసుకుని సందు దాటాడు. రిత్విక్ వెనకే వెళ్లాడు. యాకమ్మ వంటింట్లో విజయ అన్నం తింటోంది. ఆయన్ను చూసి లేవబోయింది.

"కూసో బిడ్డా, తిను" అన్నాడు చంద్రమౌళి. స్టవ్ ముందుకు వెళ్లి తనే వెలిగించాడు. వంగి మంటను చూశాడు. తగ్గించాడు, పెంచాడు. గ్యాస్‌తో బతుకంతా గడిపిన మనిషి కదా, మంటను చూడటం ఆయనకు తెలుసు. "పసుపు చాయ లేదు. గాలి మంచిగ కలుస్తున్నది. జెట్టు ఎంతది పెట్టినవు?"

ఆమె చెప్పింది. ఆయన మళ్లీ అడిగాడు. ప్రెషర్ పడిపోతే ఏమవుతుంది, ఎక్కడ వాల్వు మూయాలి, వానకు పైపు తుప్పు పట్టదా. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. తెలియనిది తెలియదంది. కొంతసేపటికి ఇద్దరూ ఒకే వృత్తి వాళ్లు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు.

చివరికి ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. "ఇది మంచిదే. నాకు తెల్వకనా? కాని నా దగ్గర సక్రు ఉన్నడు, అతనసొంటోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్ల పిల్లల ఫీజులు బండల మీదనే నడుస్తున్నయి. వాళ్లకేం చెప్పాలె?"

విజయ తలదించుకుంది. "దానికి నా దగ్గర జవాబు లేదు సార్."

"నా దగ్గర ఉన్నది బాపు" అన్నాడు రిత్విక్. ఇద్దరూ అటు తిరిగారు. "జఫర్‌గఢ్ దిక్కు ఊర్లు తిరిగొచ్చినం, నేను, సక్రు. అక్కడికి పైపు రావాలంటే ఏండ్లు పడ్తది. ఇయ్యాళ బండ కోసం వారం రోజులు చూస్తున్నరు. మన ఆటోలు టౌన్ల తిరుగుడు తగ్గించి అటు తిప్పుదాం. సక్రు అడిగి అడిగి ఊర్ల పేర్లన్నీ నోటికి నేర్చుకున్నడు."

చంద్రమౌళి కొడుకును కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఇదంత ఎప్పుడు చేసినవురా? నువ్వు ఈ పిల్ల ఎనుక తిరుగుతున్నవని చెప్పిన్రు నాకు."

యాకమ్మ నవ్వింది. విజయ అన్నం పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది. రిత్విక్ చెవులు ఎర్రబడ్డాయి.

"అది కూడ చేసిన బాపు" అన్నాడు.

*

ఆ వారమే బండోళ్ల ఇంటికి పైపు వచ్చింది. విజయ గోడకు రంధ్రం వేయించింది, మీటరు పెట్టించింది, స్టవ్ జెట్లు తనే మార్చింది. చంద్రమౌళి పక్కనే నిలబడి ప్రతి అతుకూ తనూ ఒకసారి సబ్బు నురగ రాసి చూశాడు. శకుంతల నాబ్ తిప్పింది. మంట లేచింది. ఆమె దాని మీద ఏమీ పెట్టలేదు. ఊరికే చూస్తూ నిలబడింది, కళ్లు తడిసేదాకా.

ఆ సాయంత్రమే ఆమె భర్తతో అంది. "పైపు సంగతి అయింది. ఇగ పిల్ల సంగతి."

 "నా తమ్ముళ్లు పెండ్లికి రారు" అన్నాడు చంద్రమౌళి.

"వచ్చినోళ్లకే వండుత."

ఆయన లేచి వాకిట్లోకి వెళ్లాడు. రెండు రోజులు అన్నం ఏజెన్సీకే తెప్పించుకుని తిన్నాడు. మూడో రోజు పొద్దున టిఫిన్ తింటూ, పేపర్‌లోంచి తల ఎత్తకుండా కొడుకును అడిగాడు.

"డోర్నకల్ పోనీకి రైలు ఎప్పుడుంటదిరా?"

రిత్విక్ చేతిలో దోశ ముక్క అలాగే ఉండిపోయింది.

*

విజయ తండ్రి మంగీలాల్ ఇల్లు తండా చివర, పట్టాలకు దగ్గరగా ఉంది. ఆయన డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కుని, వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు. విజయ తల్లి రుక్కి చాయ్ తెచ్చింది. చంద్రమౌళి వచ్చిన పని సూటిగా చెప్పాడు.

మంగీలాల్ తొందరపడలేదు. "మా బిడ్డను చదివించినప్పుడు మమ్ముల చూసి మస్తు మంది నవ్విన్రు. రేపు మీ ఇంట్ల ఎవరన్న తండా పిల్ల అని చిన్నగ చూస్తే?"

"నా ఇంట్ల చూడరు. బయట చూసినోళ్లతోని నేను మాట్లాడుత" అన్నాడు చంద్రమౌళి.

"ఉద్యోగం మానదు. భూపాలపల్లి పోతది."

"పోనీయుండ్రి" అంది శకుంతల. "మా వాడు ఆడికి పోయి వస్తడు. రోడ్డు ఉన్నది గదా."

మంగీలాల్ భార్య వైపు చూశాడు. రుక్కి తల ఊపింది. ఆయన ముఖం మెల్లగా విప్పారింది. "అయితే నాకేం అభ్యంతరం లేదు."

అంతలో బయట బండి ఆగింది. విజయ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, హెల్మెట్ చంకలో పెట్టుకుని. గుమ్మంలో అందరి చెప్పులూ చూసి ఆగిపోయింది. లోపలికి చూసింది. శకుంతల నవ్వు, తండ్రి ముఖం, రిత్విక్ కొత్త చొక్కా అన్నీ చూసి విషయం గ్రహించింది.

"మీరు జర బయటికి రాండ్రి" అంది రిత్విక్‌తో.

పట్టాలకు ఇవతల, గుమ్మానికి ఎదురుగా ఉన్న జామచెట్టు కింద నిలబడింది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

"మీ అమ్మను అడిగిన్రు. మీ నాయినను అడిగిన్రు. మా నాయినను, మా అమ్మను అడిగిన్రు. ఎవరన్న మిగిలిన్రా?"

 "నువ్వు."

"నన్నెందుకు వదిలేసిన్రు?"

"భయమైంది. వాళ్లు కాదంటే బతిమాలుకుందమనుకున్న. నువ్వు కాదంటే ఏం చెయ్యాల్నో తెల్వదు." అతను ఊపిరి తీసుకున్నాడు. "మెట్ల మీద నువ్వు ఆపినవు చూడు, ఆనాటి సంది పొద్దున లేస్తే నువ్వు ఏ వీధిల ఉన్నవో అని తప్ప ఇంకో ఆలోచన లేదు. నువ్వంటే నాకు చాల ఇష్టం విజయా. నన్ను చేసుకుంటవా?"

మణుగూరు వైపు నుంచి బొగ్గు వ్యాగన్ల రైలు ఒకటి వస్తోంది. నేల సన్నగా వణుకుతోంది. విజయ అతని ముఖంలోకి చూస్తూ తన లంబాడీ భాషలో ఏదో అంది. మెత్తగా, ఒక్క వాక్యం. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమన్నవు?"

ఆమె చెప్పలేదు. గుమ్మం వైపు తిరిగి తల్లితో అదే భాషలో ఇంకేదో గట్టిగా అంది. ముఖం పక్కకు తిప్పుకుంది. చెవి కొసలు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. గుమ్మంలో నిలబడ్డ రుక్కి పెద్దగా నవ్వేసింది.

"ఆంటీ, ఏమన్నదో చెప్పుండ్రి. ఔనన్నదా కాదన్నదా?" రిత్విక్ ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"నా నోటితోని చెప్పొద్దట" అంది రుక్కి కొంగు అడ్డం పెట్టుకుని. "మా మాట నువ్వు నేర్చుకుని, నీ అంతట నువ్వే తెలుసుకోవాలెనట. ఎన్నేండ్లు పట్టినా సరే, ఆమెనే పక్కన కూసోని నేర్పిస్తదట."

రిత్విక్ వెనక్కి తిరిగాడు. రైలు హోరుమంటూ వచ్చేసింది. దాని గాలికి జుట్టుపాయలు ఎగురుతుంటే, విజయ రెండు చేతులతో వాటిని పట్టుకుని అతని వైపే చూస్తూ నవ్వుతోంది.